గెత్సేమనే తోటలో ప్రభువు చేసిన ప్రార్థన నిజమైనదేనా?



కొన్నేళ్ల క్రితం, శ్రమకాల దినాల్లో, వనపర్తి దగ్గరి ఒక పల్లెలో ఇంటికూడిక జరిగింది. గెత్సేమనే తోట భాగం చదివి ధ్యానించుకున్నాము. కూడిక అయ్యాక అందరూ చెప్పులు వెతుక్కుంటుండగా ఒక తల్లి మా దగ్గరకు వచ్చి నిలబడింది. అంతకు ముందు సంవత్సరమే ఆమె పెద్ద కొడుకు చనిపోయాడు. పూణేకు సెంట్రింగ్ పనికి పోయినవాడు జ్వరంతో తిరిగొచ్చి, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి పోయాడు. ఆ పదకొండు రోజులూ ఆమె ఉపవాసముండి ప్రార్థించింది. మేము కూడా ప్రార్థించాము.

ఆమె అడిగింది: "అయ్యగారూ, గిన్నె నా దగ్గరికెల్లి తీసెయ్యమని యేసయ్య అడిగిండు గదా. ఆయన దేవుడే గదా, ఏమైతదో ఆయనకు ముందుగాలనే ఎరుకనే గదా. మరి ఆ ప్రార్థన నిజంగ జేసిండా, మనకు నేర్పనీకి జేసిండా?"

మేము పెద్దగా ఆలోచించలేదు. "నేర్పడానికేనమ్మా" అన్నాము. ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

ఆ జవాబు తప్పు. ఇంటికి వచ్చాక సెమినరీ రోజుల పాత నోటుబుక్కులు అటక మీద నుంచి దించి చూస్తే తెలిసింది: ఆ తల్లి అడిగిన ప్రశ్న మీద సంఘం ఆరు వందల ఏళ్లు పోరాడింది. మేము చెప్పిన జవాబును కూడా విన్నది, తూచింది, తోసివేసింది. పరీక్షలో మేము ఆ సంవత్సరాలన్నీ సరిగ్గానే రాశాము, మార్కులూ వచ్చాయి. ఒక తల్లి ఎదుట నిలబడినప్పుడు మాత్రం అవేవీ గుర్తుకు రాలేదు. ఆ చరిత్రను ఇప్పుడు మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాము. కొంచెం పొడవైనా ఓపికగా చదవండి.

మొదట మన తెలుగు బైబిలులోని ఒక మాట చూద్దాము. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో వాక్యము "శరీరధారి" అయ్యాడని చదువుతాము. మంచి మాటే. అయితే మన చెవికి "ధారి" అనగానే వేషధారి, ఆయుధధారి గుర్తుకొస్తారు. ధరించినది ఏదైనా విప్పవచ్చు కదా. పొలం పనికి పాత చొక్కా తొడుక్కుని, ఇంటికొచ్చి విప్పి వంకెకు తగిలించినట్టు, దేవుడు కొన్నాళ్లు శరీరం తొడుక్కున్నాడని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. గ్రీకులో యోహాను రాసినది అంతకంటే గట్టి మాట: ఆయన శరీరము "అయ్యాడు".

యోహాను అంత గట్టిగా రాయడానికి కారణముంది. క్రీస్తు నిజంగా మనిషి కాలేదు, మనిషిలా కనిపించాడంతే అని చెప్పేవారు ఆ రోజుల్లోనే బయలుదేరారు. దేవుడికి ఆకలేమిటి, నొప్పేమిటి, సిలువ మీద చావేమిటి అన్నది వారి వాదన. వినడానికి అది దేవుణ్ణి గౌరవించే మాటలాగే ఉంటుంది. రెండవ శతాబ్దం ఆరంభంలో అంతియొకయ సంఘాధ్యక్షుడు ఇగ్నేషియస్‌ను సంకెళ్లతో రోముకు తీసుకుపోతున్నారు, మృగాలకు వేయడానికి. దారిలో ఆయన రాసిన పత్రికల్లో ఈ బోధను గట్టిగా ఖండించాడు. ప్రభువు శ్రమపడినట్టు కనిపించాడంతే అయితే, నేను ఈ సంకెళ్లు ఎందుకు మోస్తున్నట్టు అన్నది ఆయన బాధ.

అదే శతాబ్దంలో వాలెంటైనస్ అనే బోధకుని శిష్యులు ఇంకొక మాట తెచ్చారు. గొట్టంలోంచి నీళ్లు పోయినట్టు క్రీస్తు మరియ ద్వారా వచ్చాడు, ఆమె నుంచి ఏమీ తీసుకోలేదు అన్నారు. మన చేలల్లో డ్రిప్పు పైపులు చూసినవారికి ఇది బాగా అర్థమవుతుంది. పైపులోంచి నీళ్లు వస్తాయి కానీ నీళ్లలో పైపు ఏమీ ఉండదు.

ప్రియులారా, ఈ మాట అక్కడితో ఆగలేదు. మన గుమ్మం దాకా వచ్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో మన తాతముత్తాతలకు సువార్త ఎక్కువగా ఎవరి ద్వారా వచ్చిందో మీకు తెలుసు. మెన్నోనైట్ బ్రదరన్ మిషన్, మనం ఎం.బి. అంటాము. వారికి ఆ పేరు మెన్నో సైమన్స్ (1496-1561) నుంచి వచ్చింది. హాలెండు దేశపు యాజకుడు. 1536లో తన పదవి విడిచి, తలకు వెల కట్టిన అధికారుల నుంచి ఇల్లిల్లు దాక్కుంటూ, హింసలో చెదిరిన మందను కాచినవాడు. ఆయన విశ్వాసాన్ని మేము ఎంతో గౌరవిస్తాము. అయితే ఈ ఒక్క సంగతిలో ఆయన జారాడు. మరియ శరీరం ఆదాము శరీరమే గనుక, క్రీస్తు ఆమె శరీరంలో నుంచి తీసుకుంటే ఆదాము పాపం అంటుకుంటుంది కదా అని భయపడ్డాడు. అందుకే క్రీస్తు మరియలో పుట్టాడు గానీ మరియ నుంచి శరీరం తీసుకోలేదని బోధించాడు. మెల్కియోర్ హాఫ్‌మన్ అనే బోధకుడు అంతకు ముందే ఈ మాట ప్రకటించాడు. స్త్రీ చేను లాంటిది, విత్తనం చేనుది కాదు అనేది మెన్నో పోలిక. ఆ రోజుల్లో చదువుకున్నవారే అలా నమ్మేవారు. 1544 జనవరిలో ఎమ్డెన్ పట్టణంలో జాన్ అ లాస్కో అనే దైవసేవకుడు ఆయనతో దీని మీద రోజుల తరబడి వాదించాడు. మెన్నో ఒప్పుకోలేదు. స్విట్జర్లాండు సహోదరులు మాత్రం ఈ బోధను అంగీకరించలేదు.

తర్వాత ఆ ప్రజలు హాలెండు నుంచి ప్రష్యాకు, అక్కడ నుంచి దక్షిణ రష్యాకు వలసపోయారు. 1860లో అక్కడే మెన్నోనైట్ బ్రదరన్ సంఘం పుట్టింది. అక్కడ నుంచి 1889లో అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు తెలుగు దేశానికి వచ్చి నల్లగొండలో పనిచేశారు. 1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ బృందం హైదరాబాదు రాజ్యానికి వచ్చింది. 1937లో గద్వాల, మహబూబ్‌నగర్ స్టేషన్లు అమెరికన్ బాప్టిస్టుల నుంచి వారి చేతికి వచ్చాయి. ఇంత దూరం నడిచి వచ్చేలోగా మెన్నో చెప్పిన ఆ ఒక్క మాట దారిలోనే రాలిపోయింది. మన పెద్దలకు అందింది సంఘమంతా ఒప్పుకున్న విశ్వాసమే. మేము ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు మాత్రం కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాము. ఎంత భక్తిగలవాడైనా, దేవుని ఘనతను కాపాడాలనే మంచి ఉద్దేశంతోనే తప్పిపోవచ్చు. "నేర్పడానికేనమ్మా" అన్నప్పుడు మేము చేసింది కూడా అదే కదా.

మా తప్పులు లెక్కపెడుతున్నాము గనుక ఇంకొకటి కూడా ఒప్పుకుంటాము. సేవ మొదలుపెట్టిన కొత్తలో సండే స్కూలు పిల్లలకు త్రిత్వము ఇలా చెప్పేవాళ్లము: ఒకే మనిషి ఇంట్లో నాన్న, బడిలో సారు, అమ్మమ్మ దగ్గర అల్లుడు. పిల్లలు వెంటనే పట్టుకునేవారు. మూడవ శతాబ్దంలో రోములో సబెల్లియస్ చెప్పినదీ ఇదేనని తర్వాత తెలిసింది. ఒక్కడే పగటివేషగాడు పొద్దున రాజు వేషం, మధ్యాహ్నం సాధువు వేషం కట్టి ఊరు తిరిగినట్టు, ఒక్క దేవుడే తండ్రిగా, కుమారుడిగా, ఆత్మగా కనిపించాడని. అది నిజమైతే తోటలో ప్రభువు ఎవరికి ప్రార్థించినట్టు? తనకు తానే. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు అప్పుడు "నాటకమే" అని తప్ప వేరే జవాబు లేదు. ఈ బోధ ఇప్పటికీ మన ఊళ్లలో వేరే పేర్లతో తిరుగుతోంది, జాగ్రత్త.

ఇక ఏరియస్ సంగతి. ఐగుప్తులో అలెక్సంద్రియ పట్టణపు సంఘపెద్ద. ఆయన బోధ సుమారు 318లో గొడవగా మారింది. కుమారుడు గొప్పవాడే, సమస్త సృష్టికంటే ముందు కలిగినవాడే, అయినా సృష్టించబడినవాడే, ఆయన లేని సమయం ఒకటి ఉండేది అని ఆయన బోధించాడు. ఆ బోధను పాటలుగా కట్టాడు. ఓడ పనివారికి, తిరగలి విసిరేవారికి, ప్రయాణికులకు ఆయన పాటలు రాశాడని పాత చరిత్రకారుడొకడు రాశాడు. ప్రసంగం మరచిపోతారు, పాట మరచిపోరు. యూట్యూబులో వచ్చిన ప్రతి కొత్త పాటనూ అర్థం చూడకుండా ఆరాధనలో ఎత్తుకోవద్దని మేము పదేపదే చెప్పేది అందుకే. కొందరికి అది చాదస్తంగా తోస్తుందని మాకు తెలుసు.

ఏరియస్ బోధలో ప్రమాదం ఎక్కడుందో మన పాలమూరు వారికి వేరే చెప్పనక్కరలేదు. మన తాతలు జీతాలుండి బతికారు. దొరకు పని పడితే తాను వచ్చేవాడు కాదు, జీతగాణ్ణి పంపేవాడు. దెబ్బ తగిలినా, ముల్లు గుచ్చుకున్నా జీతగానికే. ఏరియస్ చెప్పిన క్రీస్తు, ఎంత పొగిడినా, పంపబడిన పెద్ద జీతగాడే. దేవుడు పైన క్షేమంగా ఉండి, సిలువ బాధకు ఇంకొకణ్ణి పంపాడన్నమాట. సంఘం కాదన్నది దీన్నే. వచ్చినవాడు దొరే. దాసుని స్వరూపం ధరించి జీతగాని చోట నిలబడినవాడు ఆయనే. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం ఈ కోణంలో మరోసారి చదవండి.

325లో నైసియా పట్టణంలో, నేటి టర్కీలోని ఇజ్నిక్‌లో, సంఘాధ్యక్షులు సభ కూడారు. కుమారుడు తండ్రితో ఏకతత్వము గలవాడని ఒప్పుకున్నారు. నిరుడు గద్వాల యువకుడొకడు, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న బిడ్డ, మాకు వాట్సాపులో ఒక వీడియో పంపాడు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఓటింగు పెట్టించి యేసును దేవుణ్ణి చేశాడట. "ఇది నిజమా అయ్యగారూ?" అని అడిగాడు. అడిగినందుకు సంతోషించాము. చాలామంది అడగరు, లోలోపలే జారిపోతారు.

జవాబు చెప్తాము వినండి. నైసియా ఉన్న ప్రాంతం పేరు బితూనియ. పేతురు మొదటి పత్రిక మొదటి వచనంలోనే ఆ పేరుంది. సుమారు 112లో, అంటే ఆ సభకు రెండు వందల ఏళ్ల ముందు, ఆ ప్రాంతపు రోమా గవర్నరు ప్లినీ చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవుడు కాదు, క్రైస్తవులను చంపిస్తున్నవాడు. వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును దేవుడిగా ఎంచి పాట పాడుకుంటారని రాశాడు. ఆ సంగతి ఇంకా రాబట్టడానికి ఇద్దరు దాసీలను పట్టి హింసించాడు. వారు సంఘంలో పరిచారకులట. వారి పేర్లు కూడా ఆయన రాయలేదు. ఏ చక్రవర్తీ సభ పెట్టకముందే, దాసీలైన ఇద్దరు ఆడవాళ్లకు యేసు ఎవరో తెలుసు.

నైసియాకు వచ్చినవారిలో అంతకు ముందరి హింసల్లో కన్ను పోయినవారు, చేతులు కాల్చబడినవారు ఉన్నారని చరిత్రకారులు రాశారు. సంతకం పెట్టనని నిలబడింది ఇద్దరు లిబియా అధ్యక్షులే. ఇక చక్రవర్తి సంగతి అంటారా, కొన్నేళ్లకే ఆయన మనసు ఏరియస్ పక్షం వైపు మొగ్గింది. 337లో చావు పడక మీద ఆయనకు బాప్తిస్మమిచ్చింది ఆ పక్షపు అధ్యక్షుడే. తర్వాత ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ కూడా అటువైపే. నైసియా విశ్వాసం కోసం నిలబడిన అథనేషియస్ అయిదుసార్లు అలెక్సంద్రియ విడిచి వెళ్లవలసి వచ్చింది, అన్నీ కలిపి పదిహేడేళ్లు. చక్రవర్తుల బలంతోనే యేసు దేవుడయ్యాడనేవారు ఈ యాభై ఏళ్ల సంగతి ఎందుకు చెప్పరో మాకు తెలియదు. గ్రీకులో ఒక్క అక్షరం చేర్చి "ఏకతత్వము" బదులు "పోలిన తత్వము" అని సర్దుకుందామన్నవారూ చాలామందే ఉన్నారు. మన రాతలో ఒక్క గుడి పెట్టినా తీసినా మాట మారిపోతుంది కదా, అలాగే.

దైవత్వం సంగతి 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో స్థిరపడింది. అప్పుడు పోరాటం మానవత్వం వైపు తిరిగింది. అపొల్లినారిస్ అనే అధ్యక్షుడు, నైసియా పక్షంవాడే, క్రీస్తుకు మన శరీరం ఉంది గాని మన మనసు లేదు, ఆ చోట దేవుని వాక్యమే ఉన్నాడు అన్నాడు. నజియాన్‌జస్ గ్రెగొరీ దానికి ఇచ్చిన జవాబు సారం ఇది: క్రీస్తు మనలో దేన్ని తీసుకోలేదో అది బాగుపడకుండానే మిగిలిపోతుంది. మన రోగం ఎక్కువగా ఉన్నది మనసులోనే కదా. దాన్ని వదిలేసి వట్టి ఒళ్లు తీసుకుంటే ఏం లాభం?

431లో ఎఫెసు సభలో మరియను "దేవుని కన్నది" అనవచ్చా అన్న వాదం. మన ప్రొటెస్టెంటు చెవులకు ఆ మాట ఇబ్బందే. కానీ అక్కడి వాదం మరియను గూర్చి కాదు, ఆమె ఒడిలో ఉన్నవాడు ఎవరన్నదే. నెస్టోరియస్ ఆ మాట వద్దన్నాడు. దేవుడొకడు, మనిషొకడు పక్కపక్కన ఉన్నట్టు అవుతుందని సిరిల్ అభ్యంతరం. తర్వాత యూటికేస్ అనే వృద్ధ సన్యాసి ఇంకో కొసకు పోయాడు. ఆలంపురం దగ్గర తుంగభద్ర కృష్ణలో కలిశాక ఏ నీళ్లు ఏవో ఎవరు చెప్పగలరు? క్రీస్తులో మానవత్వం అలా దైవత్వంలో కలిసిపోయింది అన్నట్టు బోధించాడు.

451లో చాల్సెదోన్ సభ రెండూ కాదంది. ఒక్కడే క్రీస్తు, రెండు స్వభావాలు. కలగాపులగం కాలేదు, మారిపోలేదు, ముక్కలు కాలేదు, విడిపోలేదు. మేము దీన్ని గద్వాల చీరతో చెప్తుంటాము. చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కలిసే చోట నేతగాడు పోగులో పోగు చిక్కించి నేస్తాడు, కుప్పడం అంటారు. నూలు పట్టు కాలేదు, పట్టు నూలు కాలేదు, చీర మాత్రం ఒక్కటే. ఒకసారి ఇలా చెప్పినప్పుడు మగ్గం పనిచేసే ఒక సహోదరుడు లేచి, "అయ్యగారూ, చీరల సగం జాగ నూలు, సగం జాగ పట్టు. యేసయ్య సగం సగమా?" అన్నాడు. మేము నోరెత్తలేకపోయాము. నిజమే, ఆయన అంతా దేవుడు, అంతా మనిషి. అక్కడ పోలిక తెగిపోతుంది. పోలికలన్నీ ఎక్కడో ఒక చోట తెగేవే.

ఈ సభ తర్వాత సంఘం చీలింది. ఐగుప్తు, సిరియా, అర్మేనియా సంఘాలు దాన్ని ఒప్పుకోలేదు. మన కేరళలోని మలంకర ఆర్థడాక్స్ సహోదరులు ఆ వరుసలోనివారే. ఇరువైపులా మాటల అర్థాలు వేరుగా పట్టుకోవడం వల్ల కూడా గొడవ పెరిగిందని ఈ కాలపు పెద్దలు కలిసి కూర్చుని ఒప్పుకున్నారు. వారిని అవిశ్వాసులని మేము అనము.

ఇప్పుడు మళ్లీ తోటకు వద్దాము. ఏడవ శతాబ్దంలో పారసీకులతోనూ అరబ్బులతోనూ యుద్ధాల మధ్య చక్రవర్తులు చీలిన సంఘాన్ని ఎలాగైనా కలపాలనుకున్నారు. రెండు స్వభావాలున్నా క్రీస్తుకు చిత్తం ఒక్కటే, దైవచిత్తమే అనే రాజీ సూత్రం తెచ్చారు. 648లో చక్రవర్తి కాన్‌స్టాన్స్ దీని మీద ఎవరూ అసలు మాట్లాడకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. మాక్సిమస్ అనే సన్యాసి మాట్లాడాడు. ఆయన చూపించింది ఈ తోటనే. గిన్నె తొలగించమన్నది ఎవరి చిత్తం? తండ్రి చిత్తానికి వేరుగా "నా చిత్తం" అని ప్రభువు అన్నాడే, అదెవరిది? మనిషిగా ఆయన చావుకు నిజంగా బెదిరాడు. అది పాపం కాదు, ప్రాణమున్న ప్రతి మనిషిలో దేవుడే పెట్టిన గుణం. మాక్సిమస్ ఇంకొక అడుగు వేశాడు. తర్వాత "నీ చిత్తమే" అని ఒప్పుకున్నదీ దైవత్వం వచ్చి మనిషిని నొక్కేయడం వల్ల కాదు. బెదిరిన ఆ మనిషి చిత్తమే ఒప్పుకుంది.

662లో, ఎనభై దాటిన ఆ ముసలాయన నాలుకను, కుడిచేతిని నరికించారు. ఇక మాట్లాడకూడదని, రాయకూడదని. నల్లసముద్రం అవతలికి పంపేశారు. అదే సంవత్సరం అక్కడ చనిపోయాడు. పందొమ్మిదేళ్ల తర్వాత, 681లో ముగిసిన కాన్‌స్టాంటినోపుల్ సభ క్రీస్తుకు దైవచిత్తమూ మానవచిత్తమూ రెండూ ఉన్నాయని ఒప్పుకుంది.

ఇది చదివిన వారంలోనే మేము ఆ పల్లెకు మళ్లీ వెళ్లాము. ఆమె వేరుశనగ కాయలు వలుస్తూ అరుగు మీద కూర్చుంది. మాక్సిమస్ పేరు గానీ సభల పేర్లు గానీ చెప్పలేదు. "అమ్మా, ఆ రోజు నీకు తప్పు చెప్పాము" అన్నాము. ప్రభువు నిజంగానే అడిగాడని, గిన్నె తొలగాలని నిజంగానే కోరుకున్నాడని, కన్నీళ్లతో మొరపెట్టాడని హెబ్రీ పత్రిక కూడా చెప్తోందని, అయినా గిన్నె తొలగలేదని చెప్పాము.

ఆమె చేతిలో కాయలు అలాగే పట్టుకుని చాలాసేపు ఊరకుంది. తర్వాత, "గట్లయితే నా లెక్కనే అడిగిండన్నట్టు" అంది.

"నీలాగే అడిగాడమ్మా."

"మల్లొకసారి చదువుండ్రి అయ్యగారూ, ఆ తోట ముచ్చట." బైబిలు తెరిచి చదివాము. ఈసారి మధ్యలో ఆపి వివరించలేదు.